బాలానగర్ నుంచి దార్ ఎస్ సలామ్ దాకా: లక్షా ఎనభై ఐదు వేలు పోసి వెళ్ళిన ట్రేడ్ డెలిగేషన్

ముందు రేటింగ్ చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్ళు అక్కడితో వెళ్ళిపోవచ్చు. మమ్మల్ని ట్రేడ్ డెలిగేషన్ పేరుతో టాంజానియా తీసుకెళ్ళిన కన్సల్టెన్సీకి ఐదుకు రెండున్నర. అందులో రెండు మార్కులు వాళ్ళ ఆఫీసులో కాగితాలు చూసే ఒక అమ్మాయివి, మిగతా అర మార్కు అక్కడి హోటల్ టిఫిన్‌ది. కంపెనీ పేరు రాయను. వాళ్ళతో నాకు ఒక రీఫండ్ లెక్క ఇంకా తేలలేదు, పైగా ఇలాంటి కన్సల్టెన్సీలు ఊళ్ళో చాలానే ఉన్నాయి, నేను కనుక్కున్నంతలో అన్నిటిదీ ఇంచుమించు ఒకే వరస.

మాది బాలానగర్‌లో చిన్న షెడ్డు. మా నాన్న రెండు లేత్‌లతో జాబ్ వర్క్ చేసేవారు, నేను వచ్చాక మినీ దాల్ మిల్లులకు మళ్ళాం. గంటకు వంద, నూట యాభై కిలోల కందులు ఆడే సైజు. తాండూరు, నారాయణపేట వైపు రైతు కంపెనీలకు, మహిళా సంఘాలకు అమ్ముతాం. తాండూరు కందికి 2022లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక ఆ పక్క నుంచి ఎంక్వైరీలు పెరిగాయి గానీ, ఏడాదిలో నాలుగైదు నెలలు మాత్రం షెడ్డు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీని ఎగుమతితో నింపాలని ఎప్పటినుంచో ఆశ. ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన ఐఈసీ కోడ్ తీసుకుని మూడేళ్ళయింది, ఐదొందల ఫీజు కట్టి తెచ్చుకున్న ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి గోడకు తగిలించడం తప్ప ఇంకేం చేయలేదు.

అట్లాంటి టైంలో వాట్సాప్‌లో ఒక పోస్టర్ వచ్చింది. తూర్పు ఆఫ్రికాకు బిజినెస్ డెలిగేషన్, దార్ ఎస్ సలామ్‌లో జూలై నెల సబా సబా ఎగ్జిబిషన్ టైంకి, నాలుగు రాత్రులు, మనిషికి ఎనిమిది మంది కొనుగోలుదారులతో ముఖాముఖి మీటింగులు, ముందు రెండు రోజుల క్లాసు, వచ్చాక ఆరు నెలల ఫాలో-అప్. 1,85,000, జీఎస్టీ అదనం. కింద పెద్ద అక్షరాలతో "రెండు ఖండాల మధ్య వారధి".

పరిచయ సమావేశం ఒక హోటల్ హాల్లో పెట్టారు. డెలిగేషన్ లీడర్ అని ఒకాయన వచ్చారు, సూటు, కాలర్ మైకు, మాట బాగుంది, అది ఒప్పుకోవాలి. నాయకత్వం గురించే ముప్పావు గంట మాట్లాడారు. ఖండాలను కలపడానికి విజన్ కావాలట. ఆ తర్వాత ఒక స్లైడ్ వేశారు, ఆఫ్రికా పటం మొత్తం పచ్చరంగు పూసి, "టాంజానియాలో అడుగు పెట్టండి, 54 దేశాలు మీవే" అని. హాల్లో చప్పట్లు. నేనూ కొట్టాను, దాచడం ఎందుకు.

ఇంటికొచ్చి కూర్చుని చదివితే సంగతి వేరు. ఆయన చెప్పింది ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం గురించి. 2018 మార్చిలో కిగాలీలో సంతకాలైంది, 2021 జనవరి 1 నుంచి దాని కింద వ్యాపారం మొదలైందని లెక్క, ఎరిత్రియా తప్ప మిగతా 54 దేశాలు సంతకం పెట్టాయి, అంతవరకూ నిజమే. కానీ సుంకం తగ్గింపు ఆఫ్రికాలో తయారైన సరుకుకు. బాలానగర్‌లో వెల్డింగ్ చేసిన మిల్లు దార్‌లో దిగినంత మాత్రాన ఆఫ్రికా సరుకైపోదు, దానికి మూలదేశ నిబంధనలుంటాయి, అంటే సరుకు ఏ దేశంలో తయారైనట్టు లెక్క అని తేల్చే నియమాలు. అక్కడే యూనిట్ పెట్టి, అక్కడి మనుషులతో, ఆ నిబంధనలు ఒప్పుకున్నంత పని అక్కడే చేస్తే అది వేరే కథ. పైగా అక్కడ వేరువేరు దేశాల వాణిజ్య కూటములున్నాయి: టాంజానియా ఈస్ట్ ఆఫ్రికన్ కమ్యూనిటీలో ఉంది, సాడ్క్ (దక్షిణాది దేశాల కూటమి)లో ఉంది, కొమెసా (తూర్పు, దక్షిణ దేశాల ఉమ్మడి మార్కెట్)లో లేదు. మలావీ కొమెసాలో, సాడ్క్‌లో ఉంది, ఈస్ట్ ఆఫ్రికన్ కమ్యూనిటీలో లేదు. పక్కపక్క దేశాలే, సుంకాల పట్టికలు వేరు. ఇదంతా ఒక్క స్లైడ్‌లో పచ్చరంగు కింద కప్పేశారు. క్లాసులో అడిగాను కూడా. "అవి టెక్నికల్ విషయాలండీ, ముందు మైండ్‌సెట్ మార్చుకోవాలి" అన్నారు. నా మైండ్‌సెట్ సంగతి సరే, డ్యూటీ ఎంత పడుతుందో చెప్పండి సార్ అంటే పక్కవాళ్ళు నవ్వారు.

మరి తెలిసీ డబ్బు ఎందుకు కట్టావు అని మా ఆవిడ అడిగినట్టే మీరూ అడుగుతారు. కందులు. అదీ కారణం.

బేగంబజార్‌లో నాకు తెలిసిన పప్పుల హోల్‌సేల్ దుకాణం ఒకటుంది, అక్కడ కూర్చుంటే సగం ప్రపంచం గోనె సంచుల మీద కనిపిస్తుంది. అరుషా కంది, గజ్రీ, మట్వారా, మొజాంబిక్ వైట్, ఇవన్నీ అక్కడి హమాలీలు కూడా గడగడా చెప్పే ఆఫ్రికా కంది రకాల పేర్లు. మన సాంబారులో పప్పు ఎంతోకాలంగా టాంజానియా, మొజాంబిక్, మలావీ పొలాల నుంచి వస్తోంది. అక్కడ కోత ఆగస్టు ప్రాంతంలో అందుకుంటుంది, మనకు కొత్త కంది డిసెంబరు, జనవరిలో గానీ రాదు, మన గోదాములు ఖాళీ అయ్యే టైంకి వాళ్ళ పంట ఓడెక్కుతుంది. ఇంకో సంగతి, ఆ తూర్పు ఆఫ్రికా కంది రకాల మీద ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉన్నది మన పటాన్‌చెరులోనే, 1972 నుంచి. విత్తనం సంగతి ఇక్కడి నుంచి వెళ్తోంది, పంట ఇక్కడికి వస్తోంది, మధ్యలో ఆడించే మిల్లు మాత్రం ఎందుకు వెళ్ళకూడదు అని నా లెక్క. అక్కడి నుంచి వచ్చేది ఎక్కువగా గింజే, పప్పు కాదు.

క్లాసు రెండు రోజుల్లో మొదటి రోజు పూర్తిగా వృథా. వ్యక్తిత్వ వికాసం, కరచాలనం ఎలా చేయాలి, విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి (అది జపాన్ పద్ధతి అని నేను విన్నాను, దార్‌లో ఎవరూ పట్టించుకోలేదు). రెండో రోజు మధ్యాహ్నం కాగితాలు చూసే ఆ అమ్మాయి వచ్చింది. ఇరవై ఐదేళ్ళుంటాయేమో, చేతిలో ఫైళ్ళు, స్లైడ్లు లేవు. గంటన్నరలో ఆమె చెప్పినదాని మీదే ఈరోజుకీ నా ఎగుమతి నడుస్తోంది.

టాంజానియాకు చాలా రకాల సరుకుకు ఓడెక్కకముందే ఇక్కడే తనిఖీ జరగాలి, వాళ్ళ స్టాండర్డ్స్ బ్యూరో ఒప్పుకున్న ఏజెన్సీ వచ్చి చూసి సర్టిఫికెట్ ఇస్తుంది, అది లేకుండా పంపితే అక్కడ జరిమానాతో పాటు తలనొప్పి. మెషీన్‌కు చెక్క పెట్టె కడతారు కదా, ఆ చెక్క వేడిచేసి పురుగు లేకుండా చేసిందై ఉండాలి, దాని మీద గోధుమకంకి గుర్తుతో ముద్ర ఉండాలి, మామూలు ప్యాకింగ్ చెక్క కుదరదు. మనం బోయిన్‌పల్లిలో దొరికిన చెక్కతో పెట్టె కొట్టించేసేవాళ్ళం, నిజం చెప్తున్నాను. మెషీన్ హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్ళు సరుకును గుర్తించే అంకె) 8437 కింద వస్తుంది, ఇన్వాయిస్ మీద "మెషినరీ" అని రాసి ఊరుకోవద్దు. ఎల్‌యూటీ అనే హామీ పత్రం ముందే వేసుకుంటే ఐజీఎస్టీ (ఎగుమతి మీద పడే జీఎస్టీ) కట్టి తర్వాత వాపసు కోసం తిరిగే పని ఉండదు. డబ్బు రాదేమో అన్న భయానికి ఈసీజీసీ పాలసీ ఉంది, 1957 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, కొనుగోలుదారుడు ఎగ్గొడితే నష్టంలో పెద్ద భాగం అది భరిస్తుంది. ఇవన్నీ ఆమె చెప్పేది వింటుంటే నా ముందు కూర్చున్న పచ్చళ్ళ వ్యాపారి ఆవలిస్తున్నాడు. పాపం ఆయనకు మధ్యాహ్నం బిర్యానీ ఎక్కువైంది.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి కూడా ఆమె పుణ్యమే. టాంజానియా వెళ్ళి తిరిగి ఇండియాకు వచ్చేటప్పుడు ఆ టీకా కార్డు అడగొచ్చని చెప్పింది, టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, అడిగినప్పుడు లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారులకుంది. ఈ ముక్క డబ్బు కట్టించుకున్న రోజే చెప్పాల్సిన విషయం. మాకు ప్రయాణానికి పదహారు రోజుల ముందు, అదీ ఆమె సొంతంగా అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. టీకాలు వేసే నారాయణగూడ ఐపీఎంకు పొద్దున్నే పరిగెత్తి వేయించుకున్నాం. ఇరవై ఇద్దరిలో ఇద్దరికి ఆ ఫోన్ దొరకలేదు, ఆలస్యంగా వేయించుకున్నారు, ప్రయాణం మానుకున్నారు. వాళ్ళకు డబ్బు వాపసు ఇచ్చారా అంటే, "తర్వాతి డెలిగేషన్‌లో సర్దుబాటు చేస్తాం" అన్నారు.

ముంబై మీదుగా వెళ్ళాం. దార్ ఎస్ సలామ్ అంటే శాంతి రేవు అని అర్థం చెప్పుకోవచ్చు, జూలైలో చల్లగా, గాలి బాగా ఉంటుంది, మన మే నెల ఎండ తిన్న ఒంటికి హాయి.

మొదటి రోజు మొత్తం స్టేజీ. మనవాళ్ళు ఇరవై మంది, అటువైపు ఒక వర్తక సంఘం వాళ్ళంటూ పది పదిహేను మంది. దీపం వెలిగించారు, శాలువాలు కప్పారు, అవతలి వాళ్ళకు పోచంపల్లి కండువాలిచ్చారు, అది మాత్రం చూడముచ్చటగా ఉంది. తర్వాత ఎంవోయూలు, అంటే అవగాహన ఒప్పందాలు. నాదీ ఒకటి. నీలం ఫోల్డర్‌లో బంగారు అక్షరాలు, లోపల నాలుగు లైన్లు: పరస్పర ప్రయోజనకరమైన అవకాశాలను అన్వేషించడానికి ఇరుపక్షాలు అంగీకరించాయి. ఎన్ని మెషీన్లో లేదు, ధర లేదు, తేదీ లేదు. నాతో సంతకం పెట్టినాయన సెల్‌ఫోన్ కవర్ల వ్యాపారి. ఆయన్ని దాల్ మిల్లు ఎందుకని అడిగితే, నన్ను రమ్మన్నారు వచ్చాను అన్నాడు నవ్వుతూ. మంచి మనిషే, ఫోటోలో ఇద్దరం బాగా వచ్చాం.

సాయంత్రం ఇంకో ముచ్చట. ఇరవై ఐదు వేలు అదనంగా కడితే "గ్లోబల్ లీడర్‌షిప్ అవార్డు" ఇస్తారట, మెమెంటో, సర్టిఫికెట్, ప్రెస్ నోట్‌తో సహా. ఆరుగురు తీసుకున్నారు. మా బ్యాచ్‌లో అందరికన్నా తక్కువ ఎగుమతి చేసిన మనిషి, అంటే సున్నా, ఇప్పుడు గ్లోబల్ లీడర్. నేను కాదు లెండి.

ఆ స్టేజీ కింద కూర్చుని ఉండగా నాకు డిగ్రీలో చదివిన మోటుపల్లి శాసనం గుర్తొచ్చింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించింది, అభయ శాసనం అంటారు. అంతకుముందు రాజులు తుఫానుకు దెబ్బతిని తమ తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవాళ్ళు, ఏనుగులు, గుర్రాలు, బంగారం ఏదైనా సరే. గణపతిదేవుడు అది మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చిన వర్తకుల దగ్గర ఒప్పుకున్న సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని రాతి మీద చెక్కించాడు, ఆ సుంకం ముప్పైకి ఒకటి. తుఫాను భయం ఎవరూ తీసేయలేరు, రాజు భయం మాత్రం రాజే తీసేయాలి, ఆయన ఆ పని చేశాడు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి ఆ రాతిలో అంకె ఉంది. నా నీలం ఫోల్డర్‌లో లేదు.

రెండో రోజు, మూడో రోజు మీటింగులు. ఎనిమిది అన్నారు కదా, నాకు అయ్యాయి ఐదు. ఒకాయన సెల్‌ఫోన్ కవర్లాయన తమ్ముడు. ఇద్దరు ఇండియా వీసా గురించి అడగడానికి వచ్చారు, పిల్లాడి చదువు కోసం, నేను హైదరాబాద్ కాలేజీల గురించి నాకు తెలిసింది చెప్పాను. ఒకావిడ నూనె గానుగలు కావాలంది, నావి పప్పు మిల్లులు, కోయంబత్తూర్ వాళ్ళ నంబరు ఇచ్చాను. ఐదో మనిషి ఒక్కరే పనికొచ్చే మనిషి, మలావీ నుంచి వచ్చాడు, ఆయన సంగతి ఇంకా నానుతోంది. సబా సబా ఎగ్జిబిషన్ మాత్రం చూడదగిందే, ఊరంతా పిల్లాపాపలతో వస్తారు, మన నాంపల్లి నుమాయిష్‌కు వచ్చినట్టు, చైనా వాళ్ళ చిన్న చిన్న మెషీన్లు వరసగా పెట్టి ఉన్నాయి, నా రేటుకు దాదాపు సగం. అది చూసి రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగో రోజు టూర్ వాళ్ళు షాపింగ్ పెట్టారు. నేను ఎగ్గొట్టి, పొద్దున్నే కరియాకూ బజారుకు వెళ్ళాను. బేగంబజార్‌ను ఎత్తి సముద్రం ఒడ్డున పెట్టినట్టే ఉంది, తోపుడు బళ్ళు, అరుపులు, ఇరుకు. దుకాణాన్ని వాళ్ళు "దుకా" అంటారు, చపాతీని చపాతీ అనే అంటారు, బీమాను బీమా అనే అంటారు. రోడ్డు పక్కన టిఫిన్ తిన్నాను, కొబ్బరిపాలలో ఉడికించిన కందులు, "మ్బాజీ" అన్నట్టు పలుకుతారు, పక్కన తియ్యటి బూరె లాంటి మందాజీ. మనం పప్పు చేసుకుని అన్నంలోకి తినే కందిని వాళ్ళు గింజ గింజగానే పొద్దున తింటున్నారు. అప్పుడర్థమైంది, నా మెషీన్ గురించి నేను హైదరాబాద్ తలతో ఆలోచిస్తున్నానని. పొట్టు తీసి రెండు ముక్కలు చేయడం వీళ్ళకు ఇంట్లో అక్కర్లేదు. అమ్ముకోవడానికి కావాలి.

ధాన్యం దుకాణాల వరసలో ఒక పెద్దాయన దగ్గర ఆగాను. కచ్ నుంచి వాళ్ళ తాత ఓడెక్కి వచ్చాడట, హిందీ మాట్లాడతాడు, మధ్యమధ్య స్వాహిలీ. ఇండియా నుంచి దాల్ మిల్లు అమ్మడానికి వచ్చానంటే కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, తర్వాత పది నిమిషాలు తిట్టాడు. నన్ను కాదు, 2017ను. ఆ ఏడాది ఆగస్టులో మన ప్రభుత్వం కందుల దిగుమతికి ఏడాదికి రెండు లక్షల టన్నులని కోటా పెట్టింది. ఆ ముందటేడు మన దగ్గర కందిపప్పు మండిపోయింది కాబట్టి వాళ్ళు ఎకరాలకెకరాలు కంది వేశారు, కోతకొచ్చే టైంకి మనం తలుపు మూశాం. మన రైతుకు రేటు పడిపోయిందని మనం మూశాం, మన వైపు నుంచి అదీ న్యాయమే, నేను తాండూరు రైతుల మొహాలు చూసినవాణ్ణి. కానీ ఈయన గోదాములో సరుకు అలాగే ఉండిపోయింది, పురుగు పట్టింది. "మొజాంబిక్ వాళ్ళు బతికిపోయారు" అన్నాడు. నిజమే. 2016లో మొజాంబిక్‌తో మన ప్రభుత్వం రాసుకున్న ఒప్పందంలో లక్ష టన్నులతో మొదలుపెట్టి రెండు లక్షల టన్నుల దాకా ఏటా ఎంత కొంటామో అంకె వేసి ఉంది, అందుకే కోటా పెట్టినప్పుడు దాని కింద వచ్చే కందులకు మినహాయింపు ఇచ్చారు. మలావీతో కూడా 2021లో అలాంటిదే, ఏటా 50 వేల టన్నులు. అట్లా అని అంకె ఉంటే అన్నీ సాఫీగా జరుగుతాయని కాదు, 2023 చివర్లో మొజాంబిక్ నకాలా రేవులోనే కందులు అక్కడి గొడవల్లో ఇరుక్కుని మన దగ్గర పప్పు రేటు మీద ప్రభావం చూపాయి. కానీ కాగితంలో టన్నులు రాసి ఉన్నవాడికి అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఆ దెబ్బతోనే ఆయనకు సొంతంగా పప్పు ఆడించి ఇక్కడి హోటళ్ళకు, సూపర్ మార్కెట్లకు, కుదిరితే గల్ఫ్‌కు అమ్మాలన్న ఆలోచన వచ్చింది, ఇండియా తలుపు మూసినా గింజ మిగిలిపోకూడదని. నా బ్రోచర్ చూడలేదు. ఫోన్‌లో మిల్లు వీడియో పెడితే రెండుసార్లు ఆపి ఆపి చూశాడు, తర్వాత పొట్టు తీసే గరుకు రోలర్ (ఎమరీ రోలర్) మీద వేలు పెట్టి, "ఇది అరిగితే?" అన్నాడు. రోలర్ అరిగితే పొట్టు సరిగా పోదు, నూక ఎక్కువ పడుతుంది, సీజన్ మధ్యలో ఆగితే ఆ రోజు పని గోవిందా. చైనా మెషీన్ ఒకటి కొని రెండేళ్ళకే మూలన పడేశాడట, ఆడినన్నాళ్ళు బాగానే ఆడింది, రోలర్ దొరకలేదు. లోపలికి తీసుకెళ్ళి చూపించాడు, సంచులు కప్పి ఉంది, మోటారు తీసి నీళ్ళ పంపుకు పెట్టుకున్నాడు. నేను వంగి రోలర్ చూశాను, మధ్యలో పళ్ళెంలా గుంట పడిపోయి, చివర్లు మాత్రం కొత్తగా ఉన్నాయి. గింజను ఒకేచోట పోస్తున్నారు, గింజ పోసే గరాటు (హాపర్) వెడల్పు చాలదు. నా మెషీన్‌లో ఆ తేడా ఎక్కడుందో చేత్తో చూపించాను. అప్పుడు రేటు అడిగాడు.

ఇక్కడే మా డెలిగేషన్ లీడర్ గారి అవసరం పడింది. ఇలాంటి మనిషి దొరికాడు, సర్వీసు ఎవరు చేస్తారు, స్పేర్లు ఇక్కడ ఎవరి దగ్గర పెట్టాలి, మీకు ఇక్కడ పార్ట్‌నర్ ఆఫీస్ ఉందన్నారు కదా అని ఫోన్ చేశాను. సార్ జాంజిబార్ వెళ్ళారు. అవార్డు తీసుకున్న ఆరుగురిని బోటులో తీసుకెళ్ళారు. పార్ట్‌నర్ ఆఫీస్ అడ్రసు పంపారు, వెళ్తే అది ఒక ట్రావెల్ ఏజెన్సీ. చేసేది లేక ఆ పెద్దాయన ముందే కూర్చుని హైదరాబాద్‌లో ఆ అమ్మాయికి వాట్సాప్ కాల్ చేశాను. మనకు అప్పటికి రాత్రి ఏడున్నర దాటింది. ఆమె స్పీకర్‌లో ఆయనతోనే మాట్లాడింది: రెండు మెషీన్లకు నాలుగు రోలర్లు, రెండు జల్లెడలు, బెల్టులు అదే పెట్టెలో వేసి, ఇన్వాయిస్‌లో విడిగా చూపించి పంపండి, తర్వాతవి కొరియర్‌లో పంపుకోవచ్చు, ముప్పై శాతం అడ్వాన్సు, తనిఖీ సర్టిఫికెట్ చూశాక మిగతాది. ఆయన ఒకే ఒక మాట అడిగాడు, "ఈ అమ్మాయి మీ కంపెనీయేనా?" అవునన్నాను. అబద్ధమే.

నా దృష్టిలో ఆ ఫోనే ఈ డెలిగేషన్ మొత్తానికి నాయకత్వం. మిగతాదానికి ఫోటోగ్రాఫర్ చాలు.

రెండు మెషీన్లు పంపడానికి మూడు నెలలు పట్టింది. తనిఖీకి వచ్చినాయన బెల్టు గార్డు లేదని మొదటిసారి వెనక్కి కొట్టాడు, మన దగ్గర గార్డు ఎవరు అడుగుతారు, చేయించాం, ఇప్పుడు తాండూరుకు వెళ్ళే మెషీన్లకూ వేస్తున్నాం. అక్కడ ఊళ్ళల్లో త్రీ ఫేజ్ కరెంటు నమ్మకం లేదని రెండో దానికి డీజిల్ ఇంజన్ పుల్లీ పెట్టాం. ముద్ర ఉన్న చెక్క పెట్టె మామూలు దానికన్నా బాగా ఎక్కువైంది. రెండు పెట్టెలే కాబట్టి వేరేవాళ్ళ సరుకుతో కలిపి ముంబై నుంచి వెళ్ళాయి. లాభం చెప్పుకోదగ్గంత లేదు, డెలిగేషన్ ఖర్చు కలిపితే నష్టమే. రెండో ఆర్డరు వస్తే సరిసమానం.

ఆరు నెలల ఫాలో-అప్ అన్నారే, దాని కింద నాకు మూడు మెయిళ్ళు వచ్చాయి. ఒకటి ఫోటోల లింకు. ఒకటి ఫీడ్‌బ్యాక్ ఫారం, అందులో ఐదు నక్షత్రాలు ముందే నింపి ఉన్నాయి. మూడోది వియత్నాం డెలిగేషన్, ముందుగా కట్టినవాళ్ళకు పది శాతం తగ్గింపు. ఎనిమిది మీటింగులన్నారు, ఐదే చేశారు, ఆ లెక్కన కొంత వాపసు ఇవ్వమని నేను రాసిన మెయిలుకు మాత్రం జవాబు లేదు.

వెళ్ళాలా వద్దా అని అడిగితే, పాస్‌పోర్టు పట్టుకుని మొదటిసారి బయటికి వెళ్ళేవాళ్ళకు, తోడు లేకపోతే భయం ఉన్నవాళ్ళకు ఇలాంటివి కొంత పనికొస్తాయి, టికెట్టు, హోటలు, వీసా టెన్షన్ ఉండదు. కానీ డబ్బు కట్టకముందు మీటింగుకు వచ్చే కొనుగోలుదారుల పేర్లు, వాళ్ళ వ్యాపారం ఏంటో రాసి ఇవ్వమనండి. ఇవ్వకపోతే సెల్‌ఫోన్ కవర్లాయన మీకూ రాసిపెట్టి ఉన్నాడని అర్థం. అక్కడ పార్ట్‌నర్ ఆఫీస్ ఉందంటే ఆ ఆఫీస్‌కు మీరే ఒకసారి ఫోన్ చేయండి. ముందు రెడ్‌హిల్స్‌లో ఎఫ్‌టీసీసీఐ (తెలంగాణ వర్తక, పరిశ్రమల సమాఖ్య)కి వెళ్ళి అడిగితే పోయేదేమీ లేదు, 1917 నుంచి ఉన్న సంఘం, నేను ఆ పని వచ్చాక చేశాను, ముందు చేయాల్సింది. ఒంటరిగా వెళ్ళగలిగినవాళ్ళు సబా సబా టైంకి సొంతంగా టికెట్టు కొనుక్కుని, రెండు రోజులు ఎగ్జిబిషన్‌లో, రెండు రోజులు కరియాకూలో తిరిగితే, నా అంచనాలో ఇందులో సగం ఖర్చుతో అయిపోతుంది. టీకా కావాలో లేదో మాత్రం ముందే కనుక్కోవడం మర్చిపోవద్దు.

ఆ అమ్మాయి రెండు నెలల కిందట ఆ కంపెనీ మానేసి సనత్‌నగర్‌లో ఒక ఫ్రైట్ ఫార్వర్డర్ (సరుకు రవాణా ఏజెంటు) దగ్గర చేరింది, నా ఫైలు కూడా అక్కడికే మారిపోయింది. పోయిన వారం కరియాకూ పెద్దాయన వీడియో పంపాడు. మిల్లు ఆడుతోంది, పొట్టు ఒక పక్క, పప్పు ఒక పక్క, వెనకాల బెల్టు కీచుమంటోంది. బెల్టు బిగించమని చెప్పాను. ఇంకో నాలుగు రోలర్లు కావాలట, రేటు తగ్గించమంటున్నాడు.